రెండో గుర్తు

గూడూరు,
2024 జూన్ 20.

మామా,

నిన్న ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు. "మణిని మామా" అన్నాను. "ఐసు రేపటికి కావాల, ఇరవై దిమ్మలు" అని, ఐసు ఫ్యాక్టరీ ఫోననుకుని పెట్టేశావు. ముప్పై ఏళ్ళ ఇంజిను మోత నీ రెండు చెవులూ తినేసింది. నేను అరిస్తే షాపుకొచ్చినవాళ్ళు తిరిగి చూస్తున్నారు. మా ఓనరు నరేంద్రబాబైతే "ఫోనెందుకు ఏసుమణీ, కిటికీ తెరిచి 'సమాధానం మామా' అని కేకెయ్, మైపాడు దాకా వినపడతాది" అంటున్నాడు. ఫోనులో రాసి పంపుదామంటే నీ పాత ఫోనులో తెలుగు రాదు. అందుకని కాగితం పట్టుకున్నా.

నా ఆట అయిపోయింది. రెండేళ్ళు పట్టింది. పేరు "లంగరు". ఇంట్లో కంప్యూటరు మీద ఆడుకునేది. పడవని అలలు దాటించాలి, ఒడ్డు మీది గుర్తులు చూసుకుంటూ చేపలున్న చోటు పట్టుకోవాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి. నాకెవరూ నేర్పలేదు. పాడైపోయి మా షాపుకొచ్చిన కంప్యూటర్లే నా బడి. ఆటలో ఉన్న సముద్రం మాత్రం నా తొమ్మిదో ఏట నువ్వు చూపించినదే. ఆడపిల్లని పడవెక్కించావని ఊళ్ళో వారం రోజులు నిన్ను తిట్టారు చూడు, ఆ ఒక్కరోజు సముద్రం.

షాపులో పెన్‌డ్రైవుల్లో పెట్టి అమ్మాం. పదకొండు మంది కొన్నారు. గూడూరంతా ఆడుతోంది. నిమ్మకాయల మార్కెట్లో ఒక కమిషను కొట్టాయన నాకే ఆ ఆట చూపించి, "భలే ఉండాది పాపా, కావాలంటే ఎక్కించుకో" అన్నాడు. నేను చేసిన ఆట నాకే ఉచితంగా ఇచ్చాడు! నాకు ఒళ్ళు మండింది.

తాళం వేశాను. ఆట తెరిస్తే ఆ కంప్యూటరుకే సొంతమైన ఒక నంబరు కనబడుతుంది. కొన్నవాళ్ళు నాకు ఫోన్ చేసి ఆ నంబరు చదివితే నేను తాళంచెవి చెబుతా. వేరే కంప్యూటరులో అది పనిచెయ్యదు. బాగానే ఉందనుకున్నా. ఇక మా షాపులో పనేమిటి? కంప్యూటరు మొరాయిస్తే అందులో ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి ఎక్కించడం. తుడిచేస్తే ఆ నంబరు మారిపోతుంది. నా తాళానికి అది కొత్త కంప్యూటరు కింద లెక్క. పొద్దున నేనే తుడుస్తా, మధ్యాహ్నం ఆ మనిషే ఫోన్ చేసి "నీ ఆట తెరుచుకోవడం లేదు" అని తిడతాడు. పోయినవారం మూడు రోజులు జ్వరంతో పడుకున్నా. ఆ మూడు రోజులూ డబ్బు పెట్టి కొన్నవాళ్ళు బయట నిలబడ్డారు. కాపీ కొట్టినవాళ్ళు పాత ఆట హాయిగా ఆడుకున్నారు.

నీ చేపల చోటు, ఎప్పుడో సముద్రంలో మునిగిన ఆ లాంచీ గుర్తొచ్చింది. నాన్న పోయాక మనల్ని నిలబెట్టింది ఆ ఒక్క చోటే కదా. నా మొదటి కంప్యూటరు కూడా అక్కడి వంజరం చేపల డబ్బే. ఇన్నేళ్ళలో ఊళ్ళో ఒక్కడు కూడా దాన్ని కాపీ కొట్టలేకపోయాడు. ఎట్టా మామా?

ఇంకో మాట. కవరుకి నాలుగు పక్కలా గంజి పెట్టబాక. పోయినసారి విప్పేటప్పుడు అత్త గురించి రాసిన వరుస సగం ఊడిపోయింది.

మణి


మైపాడు,
జూన్ 29.

మణికి,

గాలి పడమర. వేట నిషేధం ఎత్తేసినాక మూడుసార్లు పోయొచ్చినాం. మీ పేరమ్మ అత్తకు మోకాలు నొప్పి. నోటికేమీ లేదు, బాగానే ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. నాకు అర్థమైంది ఇంత. వల నీది, చేప ఊరిది. నువ్వు వలకు గంట కట్టినావు. గంట మోగితే చేప రావడం మానేసింది.

నా దగ్గర తాళం లేదు. సముద్రానికి తలుపు ఎవరూ పెట్టలా. ఒడ్డు మీద రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి కలిసేదాకా పడవ నడపాల. అది ఒక గీత. ఇంకో పక్క ఇంకో రెండు వస్తువులు కలవాల. అది రెండో గీత. గీతలు రెండూ కోసుకునే చోట లాంచీ మునిగి ఉంది. మొదటి గుర్తు ఒక్కటే తెలిసినోడు ఆ గీత పొడుగునా డీజిలు కాల్చుకుంటా తిరగాల్సిందే. ఎవడన్నా నా వెంటబడితే నేను దోవ మళ్ళి ఎక్కడో వల వేసి, పడిన నాలుగు పీతలు తీసుకొని ఇంటికొచ్చేస్తా. అట్టాంటి రోజులు ఏడాదికి ఇరవై అయినా ఉంటాయి. దాచుకునేదానికి నేను కట్టే పన్ను అది. ఊరికే దాగదు ఏదీ.

నాకు తోచింది చెబుతా. తాళం ఆ పెట్టెలో పెట్టబాక. కొన్నోడి చేతిలో పెట్టు. చేతిలో ఉన్నోడికి తెలిసేది, లేనోడికి తెలియనిది ఏదన్నా అడుగు. వాడు నీకు ఫోన్ చెయ్యనక్కరలా, నువ్వు జ్వరంతో పడుకున్నా ఇబ్బంది లేదు.

కవరు ఎప్పటిమాదిరే అంటిస్తా. మన ఉత్తరాలు వచ్చేవైనా పోయేవైనా బస్టాపు అంగట్లోనే పడుంటాయి. పదిమంది చేతులు మారతాయి.

సమాధానం


గూడూరు,
జూలై 15.

మామా,

నువ్వు చదువుకోవాల్సినవాడివి. నరేంద్రబాబుకి నీ మాట చెబితే "మీ మామ సాఫ్ట్‌వేరా?" అన్నాడు. "బోటు డ్రైవరు" అన్నా.

ఆటతోపాటు ఒక చిన్న పుస్తకం ఇస్తున్నాం. అరచేతిలో పట్టేంత, ఇరవై నాలుగు పేజీలు. పేజీకి ఒక చోటు. ఆ చోటికి రెండు గుర్తులు, లోతు ఎన్ని బారలో రాసి ఉంటుంది. ఆట తెరవగానే అడుగుతుంది: "ఆరో పేజీ. కోట బురుజు, జెండా కొండ కలిసే చోట లోతెంత?" పుస్తకం ఉన్నవాడు చూసి కొడతాడు. లేనివాడు ఒడ్డునే ఉంటాడు. ఫోన్లు లేవు, నంబర్లు లేవు. కంప్యూటరు తుడిచేసినా పుస్తకం అల్మరాలోనే ఉంటుంది.

మరి పుస్తకాన్ని జిరాక్సు తీస్తే? దానికీ మందు వేశా. ముదురు ఎర్ర కాగితం మీద నల్ల అక్షరాలు. మిషన్లో పెడితే పేజీ మొత్తం బొగ్గులా వస్తుంది. నాలుగు షాపుల్లో పెట్టి చూశాకే అచ్చు వేయించా. ఒక కాపీ దీనితో పెడుతున్నా.

నాలుగో పేజీ చూడు. కోప్పడబాక. ఇరవై మూడు చోట్లు నేను కల్పించినవే. కొండలు, కోటలు, దీపస్తంభాలు, నోటికొచ్చింది రాశా. నాలుగో పేజీ దగ్గర మాత్రం చెయ్యి దానంతటదే రాసేసింది. "చర్చి సిలువ, నీళ్ళ ట్యాంకు ఒక గీత. తుపాను షెల్టరు ఉత్తరం మూల, ఒంటి తాడిచెట్టు ఒక గీత. పదకొండు బారలు." ఆరోజు పడవ ముక్కున కూర్చోబెట్టి, నా గడ్డం పట్టుకుని తల అటు తిప్పి ఇటు తిప్పి చెప్పావు. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదన్నావు. పద్నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. ఊరి పేరు ఎక్కడా లేదు. ఇరవై మూడు అబద్ధాల మధ్య ఒక నిజం. ఎవడు పట్టుకుంటాడు?

నాకది సంతకం లాంటిది మామా. అంతే.

మణి


మైపాడు,
జూలై 24.

మణికి,

గాలి నైరుతి. నిన్న అల పెద్దది, పోలా.

పుస్తకం అందింది. ఎర్రగా ఉంటే మీ అత్త పెళ్ళిపత్రిక అనుకొని ఎవరిదని అడిగింది. అక్షరం కనబడాలంటే ఎండలోకి పట్టుకుపోవాల్సి వచ్చింది. నాకే ఇట్టుంటే కళ్ళు బాగాలేనోళ్ళ సంగతి ఏంది?

నాలుగో పేజీ చూసినా. నువ్వు కొండలు రాసినావు, కోట రాసినావు. మన ఒడ్డున కొండ ఏది, కోట ఏది? సముద్రం మీదికి పోయేవాడు పుస్తకం తెరిస్తే ఇరవై మూడు పేజీలు కథలని తెలుస్తాది. మిగిలింది ఒక్క పేజీ. అబద్ధాలన్నీ ఒక రకంగా ఉంటే నిజం దానంతటదే లేచి నిలబడతాది.

కోపం లేదు. నీతో ఒక మాట చెప్పాల్సి ఉంది. పద్నాలుగేళ్ళుగా ఇయ్యాల రేపని నెట్టుకొస్తా ఉండా. ఇప్పుడు అచ్చులో చూసినాక చెప్పక తప్పదు. ఆ పొద్దు నీకు చెప్పినానే, రెండో గుర్తు


గూడూరు,
ఆగస్టు 10.

మామా,

నీ గంజి నీ ఉత్తరాన్నే మింగేసింది. బ్లేడు పెట్టి కోశాను, అయినా కింది వరుసలు కవరుకి అంటుకుపోయి పొట్టు పొట్టుగా వచ్చాయి. "రెండో గుర్తు" దాకా ఉంది. తర్వాత లేదు, నీ పేరు కూడా లేదు. ఏం రాశావో మళ్ళీ రాయి.

కొండ, కోట లేవన్నావు. ఒప్పుకుంటున్నా. కానీ ఆడేది ఎవరు? గూడూరోళ్ళు, కోవూరోళ్ళు, వెంకటగిరోళ్ళు. ఎవడైనా వల భుజాన వేసుకుని బయల్దేరతాడా?

ఇప్పుడు నా తలనొప్పి అది కాదు. కోవూరు నుంచి వెంకటశేషమ్మ గారని ఒకావిడ ఉత్తరం రాసింది. కుట్టు మిషను టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు నీకు దించుతున్నా:

"అమ్మాయీ, పుస్తకంతో నీ ఆట వచ్చిన మొదటి వారంలోనే కొన్నదాన్ని. నాకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది తీయాలి. ఆట ఆడాలంటే ముందు నీ ఎర్ర పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడాలి. మబ్బు పట్టిన రోజు ఆట లేదు. మా ఎదురింటివాళ్ళు కొనలేదు. ఎవరో తాళం పీకేసిన ఆట వాళ్ళకిచ్చారు. వాళ్ళకు ఏ ప్రశ్నా రాదు, మీట నొక్కితే పడవ కదులుతుంది. డబ్బు కట్టిన నన్ను రోజూ అనుమానించి లోపలికి రానిస్తున్నావు. దొంగలకు తలుపు బార్లా తీసి ఉంది. ఇంతకీ నేనా దొంగను?"

తాళం పీకేశారు మామా! పన్నెండు రోజులకే. పుస్తకంతో వాళ్ళకి పనే లేదు, ఆ ప్రశ్న అడిగే ముక్కనే కోసి పారేశారు. దొంగకి వేసిన తాళం దొంగకి అడ్డం రాలేదు, వచ్చి వచ్చి ఆవిడ కంటికి అడ్డం వచ్చింది. ఆవిడకి ఏం జవాబు రాయాలో తెలియక వారం నుంచి కాగితాలు చింపుతున్నా.

నవ్వుకోవడానికి ఒకటి. నేను లేనప్పుడు షాపుకి ఒకాయన వచ్చాడట. గూడూరులో తన చెల్లెలింట్లో ఆట చూశాడట. "పుస్తకం ఒకటే అమ్ముతారా?" అని అడిగాడట. "ఆటతోనే సార్" అంటే ఆట కూడా కొన్నాడు. ఏ కంప్యూటరని అడిగితే "మా ఇంట్లో అట్టాంటివి లేవు" అన్నాడట! పెన్‌డ్రైవు బల్లమీదే వదిలేసి పుస్తకం జేబులో పెట్టుకుని పోయాడు. నరేంద్రబాబు ఇంకా నవ్వుతున్నాడు. పేరు పెంచలయ్యో పెంచలకృష్ణో అని చెప్పాడట. మన నెల్లూరు వైపు రాయి విసిరితే నలుగురు పెంచలయ్యలకి తగులుతుంది.

మణి


మైపాడు,
ఆగస్టు 18.

మణికి,

గాలి నైరుతి.

మైపాడులో పెంచలకృష్ణ ఒక్కడే. రెండు పెద్ద బోట్లు ఉన్నాయి. లోతు చూపించే మిషను ఉంది. కంప్యూటరు లేదు. పడవ మీద నిన్ను చూసి ఆ రోజు అందరికంటే ఎక్కువ తిట్టింది ఆయనే. అప్పటి నుంచి నా చేపలు యాడ పడతాయో తెలుసుకోవాలని చూస్తా ఉండాడు.

గురువారం నుంచి ఆయన బోటు మా వెనక రావడం మానేసింది. మాకంటే ముందే పోతా ఉంది.

చిరిగిన దాంట్లో పెద్ద విషయం ఏమీ లేదు.

సమాధానం


గూడూరు,
ఆగస్టు 25.

మామా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఒక్క తిట్టు కూడా లేదు. తిట్టినా బాగుండేది.

నేనే చేశాను. ఎవడో పీకి పారేసే తాళం కోసం మన చోటుని తీసుకెళ్ళి దానికి చెవి చేశాను. ఆట దొంగలు నా పుస్తకం వైపు కన్నెత్తి చూడలేదు. పుస్తకం చూసినవాడికి నా ఆట అక్కరలేదు. ఇంత తెలివితక్కువ పని జిల్లాలో ఇంకెవరైనా చేసి ఉంటారా?

నువ్వు ఇప్పుడు ఎక్కడికి పోతున్నావు? లాంచీ మీదికే పోతున్నావా? అతని బోట్లు ఉంటే వెనక్కి వచ్చేస్తున్నావా? అత్త ఏమంటోంది? ఇవేమీ రాయవు. గాలి మాత్రం రాస్తావు.

ఊరుకోను. మిగిలిన పుస్తకాలన్నీ షాపు నుంచి వెనక్కి తెచ్చేశా. కొత్తది అచ్చు వేయిస్తున్నా. "సవరించిన ప్రతి" అని అట్ట మీద పెద్దగా వేస్తా. నాలుగో పేజీలో లోతూ గుర్తూ మారుస్తా. ఉత్తరాన రాళ్ళ దిబ్బ ఉందని, అక్కడ వల వేస్తే తాడు కూడా మిగలదని నువ్వే చెప్పావు. ఆ చోటి గుర్తులు రాసి పంపు. పెంచలకృష్ణ చెల్లెలి ఇల్లు మా షాపుకి దగ్గరే. సవరించిన ప్రతి వచ్చిందని వాళ్ళింట్లో చెవిన పడేస్తే చాలు. మళ్ళీ కొంటాడు. పోయి వల వేస్తాడు. రెండు బోట్ల వలలూ దిబ్బకి కట్టేసి వస్తాడు.

వెంటనే రాయి. ప్రెస్సువాడు ఆగాడు.

మణి


మైపాడు,
సెప్టెంబరు 1.

మణికి,

ప్రెస్సాయన్ని ఆగమను. ఆగే ఉండమను.

వలంటే పెంచలకృష్ణ ఒక్కడిదే కాదు. ఆ బోటులో ఎనిమిది మంది ఉంటారు. వల పోతే నెల రోజులు ఎనిమిది ఇళ్ళలో పని ఉండదు. అందులో ఇద్దరు మన చర్చివాళ్ళే. వల దిబ్బకు పట్టుకున్నప్పుడు ఇంజిను లాగితే పడవ వాలుతాది కూడా. నీ ఆటలో మునిగినోడు మళ్ళీ మొదటి నుంచి ఆడుకుంటాడు.

సముద్రం గురించి అబద్ధం రాయబాక. ఈ మాట చెప్పేదానికి నేను తగుదునా అన్నది వేరే సంగతి.

నేను లాంచీ మీదికి పోతానే ఉండా. చేపలు పడతా ఉండాయి. నువ్వు బాధపడబాక.

సమాధానం


గూడూరు,
సెప్టెంబరు 20.

మామా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

పదకొండు గంటలప్పుడు ఒకాయన షాపులోకి వచ్చి నా ఎర్ర పుస్తకాన్ని నరేంద్రబాబు బల్ల మీద కొట్టాడు.

"ఏందబ్బయా, డబ్బులు తీసుకోని తప్పు పుస్తకాలు అంటగడతారా?"

"ఆటలో ఏమన్నా ఇబ్బంది వచ్చిందా సార్?"

"ఆట ఎవడిక్కావాలయ్యా! నాలుగో పేజీ చూడు. పదకొండు బారలని ఏసినారు. ఏడే ఉండాది. మిషను పెట్టి చూసినా."

"ఏ మిషను సార్? ల్యాప్‌టాపా?"

"బోటులో మిషనయ్యా!"

నరేంద్రబాబు నా వైపు చూశాడు. నేను లేచి వెళ్ళా. ఎవరో తెలిసిపోయింది. నోటి దాకా వచ్చిన తిట్లు పళ్ళ వెనక పెట్టుకున్నా. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా సమాధానం మేనకోడలివి? ఆ పొద్దు పడవెక్కిన పిల్లవి?"

"నేనే."

"నెల రోజులు తిరిగినానమ్మా ఆ గీతల మీద. లాంచీ లేదు గీంచీ లేదు. అడుగున రాళ్ళు. కొత్త వల సగానికి సగం చీలికలైంది. మీ మామ మాత్రం రోజూ ఒడ్డున దర్జాగా చేపలు దించుకుంటా ఉండాడు." ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. "సొంత మేనకోడలికి కూడా తప్పే చెప్పినాడే! నాకైతే చెప్పడు, పగోణ్ణి. నీకు కూడానా? ఏం మనిషమ్మా మీ మామ!"

వల చింపుకున్నవాడు, వాడు నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

పోయిన తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నా. లోతు చూపించే మిషనుకి నీ మీద పగ లేదు. నేను మరిచిపోయానా అంటే, ఒంటి తాడిచెట్టుని పద్నాలుగేళ్ళుగా కళ్ళు మూసుకుంటే చూస్తున్నా. చిరిగిన ఉత్తరంలో "రెండో గుర్తు" దగ్గర ఆగింది ఇదే కదా? మళ్ళీ రాయమంటే పెద్ద విషయం ఏమీ లేదన్నావు. నెల రోజులు నేను మన ఇంటిని ముంచేశానని తిండి మానేసి ఏడుస్తుంటే, నువ్వు గాలి గురించి రాశావు.

నాన్న పోయిన ఏడాది మామా అది. నాకంటూ ఏమీ లేదు. నువ్వు నన్ను నమ్మి నాకొక్కదానికే చెప్పావని, అదొక్కటే నాది అనుకుని పెరిగాను. సగం తాళంచెవి ఇచ్చి పంపావు. నేనా దొంగను?

ఆ మాట రాసి ఆగాను. అది నా మాట కాదు, కోవూరు వెంకటశేషమ్మ గారిది. నెలన్నరగా జవాబు రాయలేకపోయింది దానికే. నువ్వు నాకు చేసింది నేను ఆవిడకి చేశాను. నమ్మి వచ్చినవాళ్ళనే గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలడిగాను.

నిన్న సాయంత్రం తాళం తీసేశా. ప్రశ్న ఒకటే ఉంచా. ఆట మొదటిసారి తెరిస్తే "మీరు దీన్ని కొన్నారా?" అని అడుగుతుంది. కొన్నానంటే తెరుచుకుంటుంది. లేదన్నా తెరుచుకుంటుంది, కాకపోతే "చేసింది ఏసుమణి, గూడూరు" అని, షాపు ఎక్కడుందో చూపించి తెరుచుకుంటుంది. మళ్ళీ ఎప్పుడూ అడగదు. నరేంద్రబాబు తల పట్టుకున్నాడు. పట్టుకోనీ. పుస్తకం ఇప్పుడు తెల్ల కాగితం మీద, పెద్ద అక్షరాలతో వేయిస్తున్నా. అందులో తాళం లేదు, ఆట ఎలా ఆడాలో ఉంది. నాలుగో పేజీలో అలలు దాటడం ఎలాగో రాశా. మొదటి కాపీ కోవూరుకి పంపించా, క్షమించమని కూడా రాశా.

నీకు ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. జవాబు రాస్తావో లేదో నీ ఇష్టం. రాస్తే మాత్రం గాలితో మొదలుపెట్టబాక.

ఏసుమణి


(పోస్టుకార్డు)

మైపాడు,
అక్టోబరు 3.

మణికి,

నేను నీకు తప్పు చెప్పినా. పిల్లవి, ఆటలో పడి ఎవరితోనన్నా అంటావని. పద్నాలుగేళ్ళకు ఆటలోనే అన్నావు. అయినా తప్పు నాది. పెద్దదానివైనాక సరిచేయాల్సింది. మొదట వీలు కాలా, తరవాత ధైర్యం చాల్లా. చిరిగిన ఉత్తరంలో ఒకసారి రాసినా. రెండోసారి రాయలేకపోయినా.

పెంచలకృష్ణ దగ్గరికి పోయి చెప్పినా. మా పాత వల ఆయనకిచ్చినా. తిట్టినాడు, వల తీసుకున్నాడు.

రెండో గుర్తు తాడిచెట్టు కాదు. షెల్టరు ఉత్తరం మూల, సెల్ టవరు. పదకొండు బారలు. లోతు అప్పుడూ నిజమే చెప్పినా.

నాకు అరవై దగ్గర పడింది. ఇది నాలోనే ఉండిపోతే నాతోనే మునుగుతాది.

కార్డు మీద రాస్తే బస్టాపు అంగట్లో అందరూ చదువుతారని మీ అత్త అంటా ఉంది. చదవనీ. దీంట్లో చిరిగేది ఏమీ లేదు.

ఊళ్ళో ఎవరేమన్నా సరే, పడవ ముక్కున నీ చోటు ఖాళీగా ఉంది. వచ్చి నీ కంటితో చూసుకో.

అడుగున కొంచెం చోటు మిగిలింది. గాలి ఇంకా దక్షిణమే. ఈశాన్యం పడకముందే రా.

మామ